పాపకు తొలి ముద్ద తాతయ్య పెట్టొచ్చా?

సిస్టరమ్మకు ఉత్తరం

ప్రశ్న: సిస్టరమ్మగారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర ఒక లంక ఊరు. నాకు ఇరవయ్యారేళ్ళు. పెళ్ళయి మూడేళ్ళయింది. శ్రావణమాసంలో పాప పుట్టింది. మావారు రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు, రాత్రి కాపలా కూడా ఆయనదే. మావయ్యగారికి అరవై నాలుగు. ఎకరంన్నర కొబ్బరితోట, అందులో అరటి, కంద వేస్తారు. వినాయకచవితి నాడు ఉండ్రాయి గొంతుకి అడ్డం పడిందన్నారు. అక్కణ్ణుంచి అన్నం దిగడం లేదన్నారు. ఊళ్ళో ఆరెంపీ గ్యాసని రెండు నెలలు మాత్రలిచ్చాడు. కార్తీకమాసం వెళ్ళేసరికి జావ కూడా దిగలేదు. పట్నం తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయిస్తే అన్నవాహికలో క్యాన్సరన్నారు, కాలేయానికి కూడా పాకిందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి పంపించారు. ఆ సంగతి డాక్టరుగారు మావారికీ, మా పెద్దాడపడుచుకీ చెప్పారు. మావయ్యగారికి మాత్రం గొంతులో పుండని చెప్పాం. అత్తయ్యగారికీ అదే చెప్పాం.

పాప బోర్లా పడింది. బొబ్బట్లు పంచుదామని ఎవరూ అనలేదు. భోగినాడు వసారాలో భోగిపళ్ళు పోశాం. మావయ్యగారు మంచం మీద కూర్చుని చూశారు. నువ్వూ రా, పొయ్యి అని ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఓ రేగిపండు దొర్లుకుంటూ ఆయన మంచం దగ్గరికెళితే వంగి తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. అది నేను చూశాను. మాఘంలో పాపకి ఏడో నెల వస్తుంది. "నా మనవరాలికి తొలి ముద్ద నేనే పెడతాను" అంటున్నారు. జబ్బుమనిషి చేత్తో పసిదానికి పెట్టిస్తారా, అంటుకుంటే ఎవరిది పూచీ అని మా ఆడపడుచు అంటోంది. మెతుకు దిగని మనిషి ఎదురుగా అన్నప్రాసనేమిటని మా అమ్మ అంటోంది. మావారు ఏమీ అనరు. మేం అన్నాలు కూడా పెరట్లో, ఆయన కంట పడకుండా తింటున్నాం. పాప నవ్వితే నాకు నవ్వొస్తుంది, వెంటనే తప్పు చేసినట్టుంటుంది. ఏం చెయ్యమంటారు? (పేరు, ఊరు వెయ్యొద్దన్నారు)

జవాబు: అమ్మా, అన్నప్రాసన చెయ్యి. మీ మావయ్యగారి ఒళ్ళోనే చెయ్యి. మాఘంలో మొదట దొరికిన మంచిరోజు చూసుకోండి, చుట్టాలకి కుదరలేదని వెనక్కి జరపకండి. ఇది నీకు ముందుగా చెప్పి, తరవాత మిగతా మాటలకొస్తాను.

క్యాన్సరు అంటుకోదు. ముట్టుకుంటే రాదు, ఒళ్ళో కూర్చుంటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు. నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఈ ఒక్క భయం వల్ల మనవలకి దూరంగా, ఆఖరి గదిలో, వేరే కంచం వేరే గ్లాసుతో ఉండిపోయిన పెద్దవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. మీ ఆడపడుచుని కోప్పడకు. ఆవిడకి తండ్రి పోతున్నాడు, ఆ భయం పసిదాని మీదికి మళ్ళింది. నేను చెప్పానని ఈ పేజీ చదివి వినిపించు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మావయ్యగారికి రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్ళె పరీక్ష చేయించండి. అక్కడ డబ్బులు తీసుకోరు. అన్నవాహిక మూసుకుపోయినవాళ్ళకి ఉమ్మి ఊపిరిగొట్టంలోకి జారి దగ్గు రావడం మామూలే, కాని పసిబిడ్డ ఉన్న ఇంట్లో టీబీ కాదని తేల్చుకోవాలి. అది కాదని తేలాక ఇంక ఏ అడ్డూ లేదు. ఆయన నోట్లో పెట్టుకున్న చెంచా పాప నోట్లో పెట్టకూడదు, అంతే. ఆ మాట జబ్బు లేని తాతయ్యకైనా చెబుతాను. మన ఆచారంలో అందుకు వీలు ఉండనే ఉంది కదా. పరమాన్నంలో బంగారపుటుంగరం ముంచి నాలిక్కి రాస్తాం. ఉంగరాన్ని వేణ్ణీళ్ళతో కడిగి ఆయన చేతికివ్వండి. చేతులు సబ్బుతో కడిగించండి. వేళ్ళు వణికితే నువ్వు కింద చెయ్యి పట్టు.

ఆడపిల్లకి బేసి నెలలో చేస్తారు, మీరనుకున్న ఏడో నెల చక్కగా సరిపోతుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలనీ, నిండగానే మెత్తటి అన్నం మొదలుపెట్టాలనీ డాక్టర్లు కూడా చెబుతారు. ఆ రోజు పరమాన్నం నాలిక్కి రాసినంతే. మర్నాటినుంచి అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, నెయ్యి చుక్కేసి, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టు. పాలు మానకు. తేనె నాకించమని ఎవరైనా అంటే ఏడాది నిండేదాకా వద్దని గట్టిగా చెప్పు. పసిపిల్లలకి అది ప్రమాదం.

ఇంక మీ అమ్మగారన్న మాట. మెతుకు దిగని మనిషి ఎదురుగా అన్నప్రాసనేమిటని. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. కాని అమ్మా, ఆయన గొంతు మూసుకుపోయింది గాని కళ్ళూ చెవులూ ముక్కూ మూసుకుపోలేదు. మీరు పెరట్లో తింటున్న సంగతి ఆయనకి తెలీదనుకుంటున్నావా? వెనకవైపు కంచాల చప్పుడు, తాలింపు వాసన, అందరూ ఒకేసారి మాయమవడం, తరవాత మూతులు తుడుచుకుంటూ రావడం. మనిషి ఉన్న ఇంట్లోనే వెలి వేసినట్టు ఉంటుంది. ఆయన్నే అడగండి: "మావయ్యగారూ, మేం ఇక్కడ కూర్చుని తింటే మీకు కష్టంగా ఉంటుందా?" కష్టమే అంటే పెరట్లో తినండి, అప్పుడది దొంగతనం కాదు. కూర్చోమంటే కూర్చోండి. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది కూర్చోమనే అన్నారు. ఒకాయన రోజూ చేపల పులుసు వాసన చూపించమనేవారు. ఓ చుక్క నాలిక మీద వేయించుకుని, పుక్కిలించి ఉమ్మేసి, "ఉప్పు తక్కువైంది" అని భార్యకి చెప్పేవారు. మీ మావయ్యగారు ఉమ్మి మింగగలుగుతుంటే అలా రుచి చూడొచ్చేమో డాక్టరుగారిని అడగండి.

నువ్వు మాత్రం కడుపునిండా తినాలి. పాలిచ్చే తల్లివి.

ఇప్పుడు, నువ్వు నన్నడగని సంగతి ఒకటుంది. నీ ఉత్తరంలో నాకు బరువుగా తోచింది అదే. పుండని చెప్పాం అన్నావు.

మా నాన్నగారిదీ మీ ఒడ్డే. నేను నరసాపురంలో ఉద్యోగం చేస్తుంటే పంటు మీద గోదారి దాటి వచ్చేవారు, చేతిసంచిలో రెండు కొబ్బరికాయలు, అరటి దూట. 1996 నవంబరు తుపానుకి తోట మొత్తం పడిపోయింది. అరవయ్యేళ్ళ మనిషి మళ్ళీ గోతులు తవ్వించి మొక్కలు వేశారు. ఆ మొక్కలు తొలి గెల వేసే ఏడు, 2003లో, ఆయనకి కడుపులో క్యాన్సరని తెలిసింది. నర్సుని, రిపోర్టు ముందు చదివింది నేనే. "ఏవైందమ్మా నాకు?" అని నా మొహంలోకి చూసి అడిగారు. "పుండు నాన్నా, మందులకి తగ్గుతుంది" అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నమ్మారనుకున్నాను.

నెల తిరక్కుండా పాలుకి తెచ్చి పెంచుతున్న ఆవుని తోలుకెళ్ళి ఆసామికి అప్పగించేశారు. బడ్డీకొట్లో చుట్టల బాకీ కట్టేశారు. వీధిలోకి నడుస్తున్నారు గదా, కోలుకుంటున్నారని మేమంతా సంబరపడ్డాం. ఒకరోజు నన్ను తోటలోకి రమ్మన్నారు. తుపాను తరవాత వేసిన వరసలో మూడో చెట్టు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసి, "ఇలా చూడమ్మా, నీకో మాట చెప్పాలి" అన్నారు. నాకు గుండె దడదడలాడింది. ఏడుపొచ్చేస్తుందని, నా అబద్ధం బయటపడుతుందని, "ఎండగా ఉంది నాన్నా, తరవాత చెబుదువుగాని" అని భుజం పట్టుకుని ఇంట్లోకి నడిపించాను. ఆ తరవాత ఆయన లేవలేదు. ఏం చెప్పబోయారో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఆ చెట్టు ఇప్పటికీ కాస్తోంది.

నేనాడిన అబద్ధం ఆయన భయం పోగొట్టలేదు, ఆయన నోరు నొక్కేసింది. అందుకని నీతో ఇంత చెబుతున్నాను. తొలి ముద్ద నేనే పెడతానని మీ మావయ్యగారు ఎందుకంటున్నారనుకుంటున్నావు? రేగిపండు గుప్పిట్లో ఎందుకు దాచుకున్నారు? ఆయనకి చాలామట్టుకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

నువ్వు చెప్పకు. కోడలి నోటినుంచి కాదు, కొడుకు నోటినుంచి రావాలి, వీలైతే డాక్టరు పక్కనుండగా. మీవారికి ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అడగమను: "నాన్నా, నీ జబ్బు సంగతి నీకు ఎంతవరకు తెలుసు? ఇంకా తెలుసుకోవాలనుందా?" వద్దు, అవన్నీ నువ్వే చూసుకో అంటే అక్కడితో ఆపాలి. అదీ ఆయన హక్కే. చెప్పమంటే మాత్రం పుండు అనే మాట మళ్ళీ వాడొద్దు. ఇన్ని నెలలని లెక్కలు చెప్పొద్దు, డాక్టర్లకి కూడా అది కచ్చితంగా తెలీదు. చెప్పాక అక్కణ్ణుంచి లేచి పోకుండా కాసేపు కూర్చోవాలి, మాటలేమీ లేకపోయినా సరే. పొలం కాగితాలు, అప్పులు, ఆఖర్న గొట్టాలూ వెంటిలేటర్లూ కావాలా వద్దా, ఇంట్లోనే ఉండాలనుందా, ఇవన్నీ ఆయన నోటితో ఆయన చెప్పుకోవలసినవి. వైద్యం ఎంతవరకు అన్నది మనిషి ముందుగా రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది కూడా. అత్తయ్యగారికి ఆయనకంటే ముందు చెప్పండి. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని చీకట్లో ఉంచకూడదు.

మీవారు ఏమీ అనరన్నావు. రాత్రంతా ఏరేటర్ల చప్పుడులో చెరువు గట్టు మీద ఒక్కడే కూర్చుని, పొద్దున్నే వచ్చి తండ్రి గొట్టంలో జావ పోసే మనిషికి మాటలెక్కణ్ణుంచి వస్తాయి? ఒక రాత్రి పాపని అమ్మ దగ్గర పడుకోబెట్టి, నువ్వు టీ ఫ్లాస్కు పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళు. ఏమీ అడక్కు.

గొట్టం గురించి. ఎవరైనా సరిగ్గా నేర్పారో లేదోనని చెబుతున్నాను. పోసేటప్పుడు తలా వీపూ బాగా ఎత్తుగా, సగం కూర్చున్నట్టు ఉండాలి, పోశాక కూడా గంటసేపు పడుకోబెట్టకూడదు. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పోసే ముందూ తరవాతా సిరంజితో కాస్త గోరువెచ్చని నీళ్ళు పోసి గొట్టం కడగాలి. జావ పల్చగా, వడకట్టి, అప్పటికప్పుడు చేసింది పొయ్యాలి. సిరంజిని బలంగా నొక్కకండి, దానంతటది దిగాలి. పోస్తుండగా దగ్గొచ్చినా ఆయాసమొచ్చినా ఆపెయ్యాలి. గొట్టం బయటికి జారితే మీరు లోపలికి తొయ్యొద్దు, ఆస్పత్రికే వెళ్ళాలి. నోటితో తినడం లేదు గదా అని నోరు కడగడం మానేస్తారు, అది పెద్ద పొరపాటు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మించండి. ఎండిన పెదాలకి కాస్త వెన్న రాయండి.

ఒకటి అడుగుతాను. మూసుకుపోయినచోట స్టెంటు, అంటే చిన్న జాలీ గొట్టం, వెయ్యడానికి వీలుంటుందా అని డాక్టరుగారిని ఎవరైనా అడిగారా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. జబ్బు తగ్గించడానికి కాదు, మెత్తటిదేదైనా నోటితో మింగగలగడానికి. కొంతమందికి రేడియేషన్ కూడా దానికోసమే ఇస్తారు. బయటినుంచి మిషనుతో ఇచ్చే రేడియేషనైతే ఒంట్లో ఏమీ మిగలదు, ఇంటికొచ్చి పాపని ఎత్తుకోవచ్చు. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఒక్కసారైనా రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళిరండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కార్డు తీసుకెళ్ళండి, ఆస్పత్రిలో ఆ పథకం బల్ల దగ్గర ముందు మాట్లాడండి, ఆ తరవాతే డబ్బు కట్టేది.

నొప్పి సంగతి నువ్వు రాయలేదు. ఇవాళ లేకపోయినా రావచ్చు. అప్పుడు మార్ఫిన్ మాత్రలు రాస్తే భయపడకండి. మత్తుమందుల చట్టం 1985లో వచ్చాక ఆ మందు దొరకడమే గగనమైపోయింది. నా డ్యూటీలో అరుపులు విని చెవులు మూసుకున్న రాత్రులున్నాయి. ఆ చట్టాన్ని 2014లో సవరించాక కాస్త తేలికైంది. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వేస్తే వ్యసనమవుతుందని భయపడక్కర్లేదు. నొప్పి వచ్చాక కాదు, చెప్పిన టైముకి వెయ్యాలి. దానివల్ల మలబద్ధకం వస్తుంది, విరేచనానికి మందు కూడా అడిగి రాయించుకోండి. గొట్టంలోంచి వెయ్యాలని ముందే చెప్పండి. కొన్ని రకాల మాత్రలు నూరకూడదు.

ఈ పేజీ చదివే మిగతావాళ్ళకి కూడా ఒక మాట. అన్నం మింగుతుంటే అడ్డుపడటం రెండు వారాలు దాటితే అది గ్యాసని ఊరుకోకండి, ఎండోస్కోపీ చేయించుకోండి. చుట్ట, బీడీ, సారా అలవాటున్నవాళ్ళయితే అసలు ఆగొద్దు. మన లంక పొగాకు చుట్ట కాల్చనిదే పొద్దు తెల్లారని మగవాళ్ళ మధ్యే నేనూ పెరిగాను. ఇప్పుడు మీ మావయ్యగారిని దానికోసం దెప్పడం మాత్రం వద్దమ్మా.

నవ్వొస్తే తప్పు చేసినట్టుందన్నావు. ఆ పిల్ల నవ్వు ఆ ఇంట్లో మీ మావయ్యగారికి మిగిలిన పథ్యం, దాన్ని ఆయన గదిలోకి తీసుకెళ్ళు. రోజూ పొద్దున్న స్నానం పోసి, సాంబ్రాణి పట్టి, ముందు ఆయన పక్కన పడుకోబెట్టు. బోర్లా పడినప్పటి బొబ్బట్లు బాకీ ఉన్నాయి కదా, ఈ వారమే చేసి వీధిలో పంచండి, ఆకులో పెట్టి ఆయన చేత్తో ఇప్పించండి. అడుగులకి అరిసెలు కూడా అన్నప్రాసన నాడే వండెయ్యండి. ముందుగా వండితే దోషమని ఎవరైనా అంటే, సిస్టరమ్మ వండమంది అని చెప్పు. పాప ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బూ పెడతారు కదా, అందులో తన తోటనుంచి ఏం పెట్టాలో ఆయన్నే అడగండి. ఉంగరం ఆయన చేతిలో ఉన్నప్పుడు ఒక ఫోటో తియ్యండి. ముక్కు గొట్టం ఉందని తియ్యకుండా ఉండొద్దు.

ప్రశ్న: భీమవరం దగ్గర ఊరండి మాది. మా అమ్మగారికి రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న ఆయాసమొచ్చి పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మా బాబు నాలుగో తరగతి, నానమ్మ దగ్గరే పెరిగాడు. ఊరెళ్ళిందని చెప్పాం. బళ్ళో ఎవరో అన్నారట, "నానమ్మ చచ్చిపోద్దా నాన్నా" అనడిగాడు. నేను కసిరేశాను. అప్పణ్ణుంచి రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. (ఒక తండ్రి)

జవాబు: బాబూ, ఊరెళ్ళిందంటే వాడు మీరు ఊరెళ్ళినప్పుడల్లా భయపడతాడు. ఈ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, కసిరినందుకు ముందు తప్పయిందని చెప్పండి. "నానమ్మ ఒంట్లో నీళ్ళూ మురికీ వడకట్టే కిడ్నీలు పాడైపోయాయి, మిషను ఆ పని చేస్తోంది, జబ్బు పెద్దదే, డాక్టర్లు చూస్తున్నారు" అనండి. చచ్చిపోద్దా అని మళ్ళీ అడిగితే, "ఎప్పుడో నాకు తెలీదు, ఇవాళ మాత్రం మనింట్లోనే ఉంది" అనండి. నీ అల్లరివల్ల రాలేదని కూడా చెప్పండి, పిల్లలు లోపల అదే అనుకుంటారు. పక్క తడిపినందుకు ఏమీ అనకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

వాడికి ఒక పని ఒప్పచెప్పండి. అమ్మగారు రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో డాక్టరు చెప్పే ఉంటారు. ఆ కొలతకి ఒక సీసా తీసుకుని గీతలు గీయించండి, పొద్దున్నే నింపి నానమ్మకివ్వడం వాడి పని. టీ తాగినా మజ్జిగ తాగినా అన్ని గీతలు వాడే తగ్గిస్తాడు. ఇంకొకటి. పలకరించడానికొచ్చే ప్రతివాళ్ళూ కొబ్బరిబొండాలు, చక్కెరకేళీలు పట్టుకొస్తారు, మన గోదావరి వాళ్ళ ప్రేమ అలాంటిది. ఆ రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. వచ్చినవాళ్ళ చేతిలోంచి బొండాలు గుమ్మంలోనే అందుకుని, "మా నానమ్మ తాగకూడదండీ, నేను తాగుతాను" అనమని మీ బాబుకి నేర్పండి.